చేతికందని నిప్పుకణము

జహీరాబాదు దాటి బీదరు త్రోవ పట్టిన బాటసారికి, పీఠభూమి మీదికి ఎక్కిన కొలది నేల యెర్రబడుట కానవచ్చును. సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన ఎత్తున నున్న ఈ ఎర్రరాతి గద్దెమీదనే పదునైదవ శతాబ్దమున బహమనీ సుల్తాను అహమ్మదుషా గుల్బర్గానుండి తన రాజధానిని తరలించి నిలిపెను. ఈ రాతినే తొలిచి కోటకు కందకములు తీర్చిరి. ఈ రాతి కడుపునుండియే కరేజు లనబడు భూగర్భ జలమార్గములను నడిపించిరి. ఆ రాయి అరిగి రాలిన మెత్తని ధూళి వేసవిగాలికి లేచి, ఇండ్ల గడపలమీదను, చెట్ల ఆకులమీదను, సాగిపోవు బండ్ల అడుగుభాగములందును ఏకరీతిగా పేరుకొనుచుండును. మోటారుబండిని గూర్చి వ్రాయబూని మట్టితో మొదలుపెట్టుట వింతగా తోచవచ్చును గాని, ఈ కథలో ఆ ఎర్రమట్టికి కొంత పాత్ర కలదు.

మాది పాతబడిన మారుతీ ఆమ్నీ. 1984లో మారుతీ వ్యాను అను పేరుతో వెలువడి, 1988లో ఆమ్నీ యను నామము ధరించి, 2019 వరకును ఇంచుమించు అదే ఆకారముతో నిర్మితమగుచు వచ్చిన ఈ బండిని ఎరుగని ఊరు మన దేశమున లేదనిన అతిశయోక్తి కాదు. బడిపిల్లలను, పెండ్లివారిని, కూరగాయల గంపలను, అర్ధరాత్రి వేళ పురిటినొప్పులు పడు స్త్రీని, అందరిని ఒకే ఓర్పుతో మోసిన బండి యిది. దానికి ముక్కు లేదు. అనగా తక్కిన కార్లకువలె ముందువైపు ఇంజను పెట్టె లేదు. 796 ఘనసెంటీమీటర్ల మూడు సిలిండర్ల ఇంజనును ముందు సీట్ల క్రింద ఒదిగించి, అట్లు మిగిలిన చోటు నంతయు మనుష్యులకును సామానులకును విడిచినారు. చోటు మిగిల్చిన ఆ యుక్తియే మరమ్మతు చేయువాని చేతికి చోటు లేకుండ జేసినది.

మొన్న వేసవిలో హైదరాబాదునుండి బీదరు పోవుచుండగా, ఊరింక పది కిలోమీటర్ల దూరమున నుండగా, బండి మిస్సు కొట్టసాగెను. మూడుకాళ్ల పీటకు ఒక కాలు పొట్టిదైనట్లు ఇంజను ఊగిసలాడుచు, ఎక్కుడు వచ్చినచోట నెల్ల పికప్పు చాలక ఆయాసపడుచు, ఎట్లో మమ్ము ఊరు చేర్చెను. దారిలో ఒక పాలబండి నడుపువాడు, మా ఇంజను చప్పుడు విన్నంతనే తన బండి నాపకయే, "ప్లగ్గు పోయింది సార్!" అని కేకవేసి సాగిపోయెను. అతని నిర్ణయమే నిజమైనది.

ఈ ప్లగ్గనగా నేమో, అది చేయు పని యెంతటిదో, కారు నడుపువారిలోనే పలువురు ఎరుగరు గనుక ఇక్కడ కొంత చెప్పవలసియున్నది. పెట్రోలు ఇంజనులో గాలియు ఇంధనమును కలిసిన మిశ్రమము సిలిండరులో అణగద్రొక్కబడి నిలిచిన క్షణమున, దానిని అంటించుటకు ఒక విస్ఫులింగము కావలెను. బ్యాటరీనుండి వచ్చు 12 వోల్టుల విద్యుత్తు ఇగ్నిషను కాయిలులో పదునైదు, ఇరువది వేల వోల్టులకు ఎగబ్రాకి, లావైన రబ్బరు తీగవెంట ప్లగ్గు నడిమి కడ్డీలోనికి దిగి, కొసనున్న సన్నని సందును దుమికి దాటును. ఆ దుముకుటయే మనము కోరు నిప్పుకణము. ఆ సందు మా బండి వంటి కార్బురేటరు మారుతీలలో 0.7 నుండి 0.8 మిల్లీమీటర్లు, అనగా మూడు నాలుగు పోస్టుకార్డులు జతపరచినంత మందము. ఇంజను నిమిషమునకు మూడువేల చుట్లు తిరుగునప్పుడు ఒక్కొక్క ప్లగ్గు క్షణమునకు ఇరువదియైదు మారులు మెరయును. ఆ వేగముననే సాగినచో మూడుగంటల హైదరాబాదు బీదరు ప్రయాణమున ఒక్కొక్కటి రెండున్నర లక్షలకు మించి నిప్పు రాల్చును. రెండువేల డిగ్రీలకు పైబడిన జ్వాలను ముఖమున భరించుచు, వెనుకవైపు చల్లని గాలిని తాకుచు, నడుమ నొక తెల్లని పింగాణీ గొట్టముచేత విద్యుత్తును దారి తప్పనీయక నిలుపుకొను ఈ బొటనవ్రేలంత వస్తువును చూచిన ప్రతిసారియు నాకు గౌరవము కలుగుచుండును.

1860 ప్రాంతమున ప్యారిసులో లెన్వారు తన వాయుయంత్రమునందు విద్యుత్కణముతో మంట పుట్టించెను. అయితే వేగముగా తిరుగు మోటారుకారు ఇంజనుకు తగిన అధిక వోల్టుల మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును జతగా కూర్చినవాడు జర్మనీలో రాబర్టు బాషు కర్మశాలయందలి గాట్లోబ్ హోనోల్డు; అది 1902 నాటి మాట. మన దేశమున 1951లో స్థాపితమై బెంగుళూరు ఆడుగోడిలో వెలసిన మైకో కర్మాగారము ఆ విద్యను ఇక్కడికి తెచ్చినది. ఆ సంస్థ 2008లో బాషు అను పేరే ధరించినను, మా ప్రాంతపు అంగళ్లలో ముసలి మేస్త్రీలు నేటికిని "మైకో ప్లగ్గు" అనియే అడుగుదురు.

ఇట్టి వస్తువు నికెలుకొన కలదైనచో పదునైదు ఇరువది వేల కిలోమీటర్లకొకసారి మార్చవలసినదే. మార్చుట యెంతటి పని యనునది ఆ బండిని రూపించినవాని దయమీద ఆధారపడియున్నది. పాత అంబాసిడరును తలచుకొనుడు: బానెట్టు ఎత్తి ప్రక్కన నిలిచినవానికి ఇనుప హెడ్డు ప్రక్కవాటున నాలుగు ప్లగ్గులును అరుగుమీద కూర్చున్న వృద్ధులవలె వరుసగా దర్శనమిచ్చును, పావుగంటలో పని ముగియును. 2003లో వచ్చిన హోండా సిటీ కారున సిలిండరునకు రెండేసి చొప్పున ఎనిమిది ప్లగ్గులు పెట్టిరి. ముందరి నాలుగు చేతికందును గాని, వెనుకటి నాలుగు ముందరి అద్దము మొదట దాగియుండుటచే, వైపరు చేతులను, వాని క్రింది పలకను విప్పినగాని అవి దొరకవు. ముందరివి నాలుగు మార్చి ఎనిమిదియు మార్చినట్లు తృప్తిపడిన బండ్లు ఎన్ని తిరుగుచున్నవో! అమెరికాలో 1975 నాటి షెవ్రొలే మోంజా వి-ఎనిమిది ఇంజను కారునకైతే ఒక ప్లగ్గు తీయుటకు ఇంజను బిగింపులను వదులుచేసి, ఇంజనునే కొంత పైకెత్తవలసి వచ్చెడిది. యంత్రమును గీయువాడు కాగితముమీద దానిని అమర్చునప్పుడు, పదిసంవత్సరముల పిమ్మట ఏదో పల్లెదారిలో దానిని విప్పబోవు చేతినికూడ ఆ కాగితముమీద గీసికొనవలెనని నా దృఢమైన అభిప్రాయము. మనుష్యుని చేయి వెడల్పెంతో, మణికట్టు ఏ కోణమున తిరుగునో అతనికి తెలియనిది కాదు, తలచుకొనకుండుటయే లోపము.

మా బండిని ఉద్గీరు రోడ్డుమీది ఒక చిన్న షెడ్డులోనికి చేర్చితిమి. అక్కడి మేస్త్రీ అరువదేండ్ల మనిషి. పనివాండ్రతో దక్కనీ ఉరుదులోను, ఎదుటి అంగడివానితో కన్నడమునను, నాతో తెలుగునను ఎట్టి శ్రమయు లేక మాటాడుచుండెను. ఇందులో వింత లేదు: 1956 నవంబరు 1వ తేదీ వరకు హైదరాబాదు రాష్ట్రమున నుండిన ఈ జిల్లాలోనివే గదా జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలు! రాష్ట్రముల గీతలు మారినంత మాత్రమున నాలుకలు మారవు. ముందు సీటును ఎత్తి కొక్కెమునకు తగిలించి, ఇంజనుమీద అరచేతిని ఒక జానెడు దూరమున ఆడించి చూచి, ఆయన తల యడ్డముగా త్రిప్పెను.

"ఇంజను కాలుతున్నది సార్, ఇప్పుడు ముట్టద్దు. గంట సేపు సల్లారనియ్యుండ్రి. గరం మీద తిప్పితె ప్లగ్గుతోని పాటు చూడీలు ఊడొస్తయి."

ఆ ఒక్క మాటలో ఒక శాస్త్రమంతయు ఇమిడియున్నది. ప్లగ్గు గుల్ల ఉక్కుది. మారుతీ ఇంజను హెడ్డు అల్యూమినియముది. చూడీలనగా ప్లగ్గు ఎక్కు మరలు. అవి మెత్తని లోహమున చెక్కబడినవి. వేడిమీద ఆ మెత్తదనము ఇనుమడించును. ఏండ్లతరబడి బిగిసియున్న ఉక్కును అట్టి సమయమున బలిమిని త్రిప్పితిమేని, ఉక్కునకేమియు కాదు. హెడ్డులోని మరలే తొలగిపోవును. కొద్దిపాటి సొమ్ముతో తీరవలసిన పని, హెడ్డు విప్పి బుష్షు వేయించి వేల రూపాయలతో తీర్చుకొనవలసి వచ్చును. ఇది నాకు వినికిడి కాదు. అంతకు నాలుగేండ్లక్రితము, వేరొక ఊరి షెడ్డులో, తొందరపడినవాడను నేనే. సాయంకాలములోగా ఊరు చేరవలెనని నేను వేగిరపెట్టగా, అక్కడి కుఱ్ఱవాడు వేడి ఇంజనుమీద పానా వేసి, పొడవైన గొట్టము తగిలించి లాగెను. ఆ రాత్రి మేము ఊరు చేరలేదు. రెండు దినములకుగాని చేరలేదు.

చల్లారుటకు పట్టు ఆ గంటను చౌబారా వైపు నడిచి గడపితిని. ఆ స్తంభాకారపు ప్రాచీన కావలిబురుజు ప్రక్కవీధులలో బిదరీ పనివాండ్ర అంగళ్లు కలవు. ఒకచోట గుమ్మమున కూర్చుండి చూచితిని. పదునారు పాళ్ల యశదమునకు ఒక పాలు రాగి కలిపి, మట్టి అచ్చులో పోత పోసి, ఆకురాయితో నునుపు చేసి, చెక్కడపు గీతలు కంటికి ఆనుటకై మైలుతుత్తపు నీటితో తాత్కాలికముగా నల్లబరచి, ఉలితో లతలు చెక్కి, ఆ గాళ్లలో వెండితీగను సుత్తితో మెల్లగా కూరుదురు. అటుపిమ్మట వస్తువును వేడిచేసి, కోటలోని పాతమట్టిని నవసాగరముతో కలిపిన ద్రవమున తోమినంతనే లోహమంతయు కాటుకవలె నల్లబడును. వెండి మాత్రము తెల్లగా వెలుగుచుండును. 2006లో భౌగోళిక గుర్తింపు పొందిన విద్య యిది; ఈ ఊరి షా రషీద్ అహ్మద్ ఖాద్రీగారికి 2023లో పద్మశ్రీ వచ్చినదియు ఈ విద్యకే.

ఒక లోహమును వేరొక లోహము ప్రక్కన నిలిపి, లవణముగల తడి వానికి సోకినప్పుడు ఏది నల్లబడునో ఏది నిలుచునో ఈ పనివాండ్రు ఆరువందల యేండ్లుగా చేతితో ఎరుగుదురు. షెడ్డులోని మేస్త్రీ ఎదుర్కొనుచున్నదియు దీనికి తోడబుట్టిన చర్యయే. ఉక్కు ప్లగ్గును అల్యూమినియపు హెడ్డును అంటుకొని యేండ్లతరబడి వేడిని, తేమను పంచుకొనుటచే, నడుమ తెల్లని పొడివంటి చిలుము పుట్టి రెంటిని ఒకటిగా పట్టివేయును. అక్కడ కోరి తెచ్చుకొను చర్య ఇక్కడ కోరక వచ్చి కూర్చుండును, భేదమంతే.

తిరిగివచ్చునప్పటికి ఇంజను చల్లబడియుండెను. "ఏయ్ చోటూ, గాలి పైపు పట్కరా!" అని మేస్త్రీ కేకవేయగా, పిల్లవాడు కంప్రెసరు గొట్టము తెచ్చెను. ప్లగ్గు చుట్టునున్న గుంటలలోనికి గాలి కొట్టగానే గుప్పున ఎర్రనిదుమ్ము లేచి షెడ్డంతయు కమ్మెను. ఈ మట్టిని గూర్చియే నేను మొదట చెప్పినది. నేలకు దాపుగా నుండు ఈ ఇంజనుమీద రోడ్డుదుమ్ము పిడికెళ్లకొలది చేరును. దానిని ఊదకుండ ప్లగ్గు విప్పితిరా, ఆ రాతిపొడి తిన్నగా సిలిండరులోనికి రాలి, పిస్టనుతో కలిసి గోడలను గీరును. నేటి ఇంజనులలోనైతే ప్లగ్గు జానెడు లోతు బావి యడుగున నుండును. దానిలో దుమ్మే గాక, పైమూత రబ్బరు పాడైనచో ఆయిలును, బండి కడిగిననాడు నీరును నిలుచును. బీదరు శివారున నౌబాదు వద్ద కరేజును చూచినవారికి ఈ మాట సులభముగా బోధపడును: అక్కడ నేలమీదినుండి నిలువుబావులు త్రవ్వినది, మనుష్యుడు దిగి అడుగున పూడిన మట్టిని తీయుటకే. లోతున ప్రవహించుదానిని కాపాడదలచినవాడు దిగుటకు దారి పెట్టవలెనని ఆ కాలపు పనివారు మరువలేదు.

పిమ్మట ప్లగ్గు తీగలు. తీగను పట్టి లాగక, కొసనున్న రబ్బరు టోపీని పట్టి కొంచెము మెలిపెట్టి తీసి, ఏ తీగ యే సిలిండరుదో తప్పిపోకుండ ఒక్కొక్కటిగానే పని నడిపెను. ఎక్స్‌టెన్షను రాడ్డుకు నకిలు జాయింటు తగిలించి, లోపల రబ్బరు గల ప్లగ్గు పానాను వంకరదారిన దింపి, అది ఆరుపలకలమీద నిండుగా కూర్చున్నదని వ్రేళ్లతో తెలిసికొన్న తరువాతనే బలము పెట్టెను. పానా ఒరిగినచో పింగాణీ చిట్లును. రెండు ప్లగ్గులు టక్కున వదలినవి. మూడవది కదలలేదు. ఆయన గొట్టము తగిలించలేదు, సుత్తి ఎత్తలేదు. మొదట్లో రెండుచుక్కల తుప్పునూనె వేసి, బీడీ ముట్టించి, దూరముగా పోయి కూర్చుండెను. బీడీ అయిన పిమ్మట పావుచుట్టు విప్పి, మరల అరపావు బిగించి, మరల విప్పి, ఇట్లు ముందు వెనుకలకు నడిపించుచు, చిలుమును తానే నలిగి రాలునట్లు చేసి పైకి రప్పించెను. ఆ ఒక్కదానికే అరగంట పట్టినది. నేనీసారి వేగిరపెట్టలేదు.

తీసిన మూడింటిని ఒక గుడ్డపై వరుసగా పెట్టి నాకు చూపెను. వైద్యుడు నాలుక చూచినట్లు మేస్త్రీ ప్లగ్గు మొన చూచును. లేత ఇటుకరంగు ఆరోగ్యలక్షణము. పొడి మసి పట్టినచో పెట్రోలు అధికముగా వచ్చుచున్నదనియు, జిడ్డుగా తడిసినచో ఇంజను ఆయిలు లోనికి దిగుచున్నదనియు, తెల్లగా పాలిపోయి పొక్కినచో వేడి మితిమీరినదనియు అర్థము. మావాటిలో రెండు లేత ఇటుకరంగున నుండగా, మూడవదాని మొన అరిగి, సందు రెట్టింపై, పింగాణీమీద సన్నని బీట కనబడుచుండెను. పాలబండివాడు చెవితో పట్టినది ఆ బీటనే.

క్రొత్తవానిని పెట్టుటలో ఆయన చూపిన యొక ఉపాయమును పాఠకులకు చెప్పక పోలేను. కంటికి కానరాని రంధ్రమున మర సూటిగా ఎక్కినదో, అడ్డముగా ఎక్కినదో తెలియుట యెట్లు? ఆయన జానెడు పాత పెట్రోలు పైపు ముక్కను ప్లగ్గు తెల్లని తలకు తొడిగి, ఆ పైపునే రెండువ్రేళ్ల నడుమ పట్టుకొని లోనికి దింపెను. ముందుగా ఎడమకు త్రిప్పెను. మర మొదలు మర మొదలులో పడినప్పుడు చిన్న 'టిక్కు' తగిలినది. అప్పుడు కుడికి త్రిప్పెను. మర సూటిగా నున్నంతసేపు ప్లగ్గు పైపువెంట సులువుగా తిరుగును. వంకరగా పట్టినచో బలము చాలక పైపే జారిపోవును గాని, మెత్తని అల్యూమినియము చెడదు. బలము లేకుండుటయే ఆ పనిముట్టు గుణము. పైపుతో తిరిగినంతవరకు త్రిప్పి, వాసరు తగిలిన పిమ్మటనే పానా వేసి, క్రొత్త ప్లగ్గు గనుక ఇంకొక అరచుట్టునకు పైచిలుకు మాత్రము బిగించెను. పాత ప్లగ్గునే తిరిగి పెట్టినచో వాసరు మునుపే అణగియుండును గనుక, చుట్టులో పండ్రెండవ వంతు చాలును. కొలతపానా కలవారు రెండున్నర, మూడు కిలోగ్రాముల మీటరు బలమున ఆపుదురు.

"గట్టిగ బిగిస్తె మంచిదనుకుంటరు సార్," అని ఆయన చేతులు తుడుచుకొనుచు చెప్పెను, "నేను బిగించింది మల్ల నేనే ఇప్పాలె గద!"

సందును మాత్రము పెట్టకమునుపే ఫీలరు గేజితో చూచెను. అంగడిలో పెట్టెనుండి తీసినది సరిగా నుండునని నమ్మరాదు. క్రిందపడిన ప్లగ్గును, పైకి చెడనట్లు కానవచ్చినను, పెట్టరాదు. వీనిలో ఏది మరచినను శ్రమయంతయు మరల మొదటికి వచ్చును.

తాళము త్రిప్పగానే ఇంజను తడుముకొనక పలికెను. పీట మూడుకాళ్లమీదను నిలిచినది. మేస్త్రీ కొంతసేపు చెవియొగ్గి విని, మీటరు చూచి, సీటు దించుటకు ముందు దాని అడుగు రేకుమీద సుద్దముక్కతో ఆనాటి తేదీని, కిలోమీటర్ల సంఖ్యను వ్రాసెను. ఆ ప్రక్కనే, సగము చెరిగిపోయిన వేరొక చేతివ్రాతలో, పాత తేదీ యొకటి యుండెను. దానిని ఆయన తుడువలేదు.